ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, ఆరోగ్య బీమాకు డబ్బు ఎందుకు కట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా: తెనాలిలో మొబైల్ షాపు నడుపుకునే 38 ఏళ్ల ఆయన అడిగారు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరు పిల్లలు. నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. అమ్మగారికి 62, బీపీ మాత్ర వేసుకుంటారు. "ఇంతవరకు మా ఇంట్లో ఎవరూ ఆసుపత్రిలో చేరింది లేదు. నాన్న పేరు మీద ఆరోగ్యశ్రీ ఉంది. మా నలుగురికి 22 వేలు, అమ్మానాన్నలకు ఇంకో 50 వేలు ప్రీమియం చెబుతున్నారు. ఆ డబ్బుతో చీటీ వేసుకుంటే మనకే మిగులుతుంది కదా? తీరా కట్టాక క్లెయిములు ఇవ్వరని కూడా అంటున్నారు. చుట్టాల్లో ఏజెంటు ఒకాయన నాన్న షుగర్ సంగతి ఫారంలో రాయొద్దంటున్నాడు. ఏం చేయమంటారు?"

సమాధానం:

నేను చాలా ఏళ్లుగా ఆసుపత్రుల్లో బీమా డెస్క్ దగ్గర పనిచేస్తున్నాను. మొదట గుంటూరులో, ఇప్పుడు హైదరాబాదులో. ఏ కంపెనీకీ ఏజెంటును కాను, ఎవరు ఏ పాలసీ కొన్నా నాకు వచ్చేది లేదు. ఆరోగ్యశ్రీ రోగులు, కంపెనీ కార్డుల వాళ్లు, సొంత పాలసీల వాళ్లు, ఏదీ లేనివాళ్లు అందరూ నా బల్ల ముందుకే వస్తారు. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

మీ మాటల్లో నన్ను ఆపింది "ఎవరూ ఆసుపత్రిలో చేరింది లేదు" అన్నది. దాన్ని మీరు బీమా అక్కర్లేదనడానికి కారణంగా చెప్పారు. నేను అదే మాటను ఇప్పుడే తీసుకోవడానికి కారణంగా చూస్తాను. ఆరోగ్య బీమా ఒంట్లో బాగున్నప్పుడే దొరుకుతుంది. యాంజియోగ్రామ్ రిపోర్టు చేతిలో పట్టుకుని "ఇప్పుడు పాలసీ తీసుకుంటే పనికొస్తుందా" అని అడిగేవాళ్లు మా దగ్గరకు వస్తూనే ఉంటారు. పనికిరాదు. వాళ్లకు ఆ మాట చెప్పడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. 2021లో రెండో వేవ్ అప్పుడు జనం పాలసీల కోసం ఎగబడ్డారు. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లను చాలా కంపెనీలు కొన్ని వారాలు, కొన్ని నెలలు ఆగి రమ్మన్నాయి.

ఈ వ్యవహారమంతా కాలం మీద నడుస్తుంది. పాలసీ మొదలైన తొలి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప మరే జబ్బుకూ డబ్బు రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి, కిడ్నీలో రాళ్లు లాంటివాటికి ఎక్కువ పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న షుగర్, బీపీ లాంటి జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. ఇదివరకు ఇది నాలుగేళ్లు ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మూడేళ్లకు తగ్గించింది. కాబట్టి మీరు ఈ ఏడాది కట్టే ప్రీమియం ఈ ఏడాది వచ్చే జ్వరం కోసం మాత్రమే కాదు. మూడేళ్ల తర్వాత మీ నాన్నగారికో, 45వ ఏట మీకో వచ్చేదానికి ఇప్పటి నుంచే రోజులు లెక్కపడటం మొదలవుతుంది. ఎంత ఆలస్యం చేస్తే ఆ లెక్క అంత ఆలస్యంగా మొదలవుతుంది.

ఇక చీటీ సంగతి. ఏడాదికి 22 వేల చొప్పున పదేళ్లు దాచి, ఏడు శాతం వడ్డీ వచ్చిందనుకున్నా చేతికి వచ్చేది సుమారు 3 లక్షల 25 వేలు. అదీ పదేళ్లు ఏ జబ్బూ రాకుండా ఉంటేనే. రెండో ఏడాదే వస్తే మీ దగ్గర ఉండేది 45 వేలు. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో వెంటిలేటరు మీద ఐసీయూలో రెండు రోజులు ఉంటే అది అయిపోతుంది. గుండె స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి పెట్టింది. అంతకుముందు లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంటు అప్పట్లో 29,600కు దిగింది. చాలామంది దాన్నిబట్టి గుండె జబ్బుకు ఖర్చు తగ్గిపోయిందనుకుంటారు. స్టెంటు ధర తగ్గింది గానీ క్యాథ్‌ల్యాబ్, డాక్టరు ఫీజు, ఐసీయూ, పరీక్షలు, మందులు అన్నీ కలిసిన బిల్లు ఇప్పటికీ లక్షల్లోనే ఉంటుంది. బైపాస్ అయితే చెప్పక్కర్లేదు.

డబ్బు లేనప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో మీకూ తెలుసు. తెలిసినవాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. నాలుగు లక్షలు తెస్తే నెలకు 12 వేలు, ఏడాదికి 1,44,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మీరు ఎక్కువనుకుంటున్న 22 వేల ప్రీమియం ఆ వడ్డీలో రెండు నెలల సొమ్ము. చీటీ ఉన్నవాళ్లు నష్టానికి పాడుకుంటారు. పొలం ఉన్నవాళ్లు సగం ధరకు అగ్రిమెంటు రాసిస్తారు, కొనేవాడికి వీళ్ల అవసరం తెలుసు కాబట్టి. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో తండ్రి ఐసీయూలో ఉండగా కొడుకు, అల్లుడు కారిడార్లో నిలబడి ఎకరం ఎంతకు ఇవ్వాలో ఫోన్లో బేరమాడటం చూశాను. తండ్రి బతికి ఇంటికి వెళ్లాడు. ఆ పొలం మాత్రం మళ్లీ వాళ్లకు రాలేదు.

డబ్బుతో పాటు పోయేది ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. బీమా లేని ఇంట్లో రోగిని ఆసుపత్రికి తీసుకురావడమే ఆలస్యం అవుతుంది. ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అని ఒక రాత్రి చూస్తారు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయిస్తారు. తెల్లారాక డబ్బు పోగుచేసుకుని బయల్దేరతారు. గుండెపోటులో ఆ రాత్రే అన్నిటికన్నా విలువైనది. కార్డు ఉన్నవాళ్లు అర్ధరాత్రి రావడానికి వెనకాడరు. ఈ తేడా నేను కళ్లారా చూశాను. బీమా ప్రతి ఇంటికీ కావాలని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే. బిల్లు సంగతి ఆ తర్వాతే.

ఇప్పుడు ఆరోగ్యశ్రీ. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం లేకపోతే ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాలు రోడ్డున పడేవో. కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తొక్కడమే ఊహించలేని కూలీ కుటుంబాలకు బైపాస్‌లు, క్యాన్సరు ఆపరేషన్లు జరిగాయి. ఏపీలో 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో అదే నెలలో 10 లక్షలకు పెంచారు. కార్డు ఉన్నవాళ్లు ముందు దాన్ని వాడుకోవాలి. ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో చేరిన రోజే కనుక్కోవాలి. తర్వాత చూద్దాంలే అని క్యాష్ కింద చేరి, మూడో రోజు మార్చమంటే చాలా ఇబ్బంది.

కానీ మీ ఇంటికి అది ఒక్కటే చాలుతుందా? అర్హత కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఏపీలో ఏడాదికి 5 లక్షలు దాటకూడదన్నది నాకు తెలిసిన నిబంధన, అది మారిందేమో సచివాలయంలో కనుక్కోండి. షాపు లోను కోసం మీరు రిటర్నుల్లో అంతకన్నా ఎక్కువ ఆదాయం చూపిస్తుంటే మీ నలుగురికి అది ఉందని నమ్ముకుని కూర్చోకండి. గ్రామ, వార్డు సచివాలయంలో ఆధార్ ఇచ్చి మీ పేర్లు ఇప్పుడు ఎవరి కార్డులో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో చూపించుకోండి. మా దగ్గరకు వచ్చి, ఆధార్ కొట్టగానే అర్హత లేదని తెలిసి నిర్ఘాంతపోయినవాళ్లు ఉన్నారు. రెండోది, ఆ పథకం జాబితాలో ఉన్న చికిత్సలకే, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది. మీకు దగ్గర్లో ఉన్న ఆసుపత్రి అందులో లేకపోవచ్చు. మూడోది, బకాయిలు పేరుకుపోయాయని ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ మనం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అత్యవసర కేసులు చూస్తారు గానీ ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లు వాయిదా పడతాయి.

మీలాంటి ఇళ్ల గురించే నీతి ఆయోగ్ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ పథకాలు అందేంత పేదలు కారు, ఉద్యోగం ద్వారా బీమా వచ్చేవాళ్లూ కారు. చిన్న వ్యాపారులు, సొంత ఆటో, లారీ నడుపుకునేవాళ్లు, కొద్దిపాటి పొలం ఉన్న రైతులు. అలా మధ్యలో మిగిలిపోయినవాళ్లు జనాభాలో కనీసం 30 శాతం, అంటే దాదాపు 40 కోట్ల మంది అని అందులో లెక్కగట్టారు. వీళ్లకు ఎవరూ కట్టిపెట్టరు, సొంతంగా తీసుకోవాల్సిందే.

మీ ఇంట్లో ఇంకొకటి చూడండి. మీ భార్యగారి జీతం నెలకు 21 వేల లోపు ఉండి, స్కూలు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద నమోదై ఉంటే ఆమెకు, ఆమె మీద ఆధారపడినవాళ్లకు ఈఎస్ఐ వైద్యం వస్తుంది. జీతం చీటీలో 0.75 శాతం కోత ఉందేమో చూడండి, యాజమాన్యం 3.25 శాతం కలుపుతుంది. ఈఎస్ఐ అంటే డిస్పెన్సరీలో మాత్రలు అనే అనుకుంటారు మనవాళ్లు. అనారోగ్యంతో పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తుంది, ప్రసవానికి 26 వారాల జీతం ఇస్తుంది. ఏ ప్రైవేటు పాలసీ కూడా మామూలుగా ఇవి ఇవ్వదు. కోత ఉండి కార్డు తీసుకోనివాళ్లు కూడా ఉన్నారు, అది డబ్బు కట్టి వదిలేసుకోవడమే.

ఇది చదివే ఉద్యోగస్తులకు కూడా ఒక మాట. హైదరాబాదులో ఐటీ కంపెనీల పిల్లలు "మాకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉందండీ" అంటారు. మంచిదే. చాలా కంపెనీ పాలసీల్లో మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ వర్తిస్తుంది, తల్లిదండ్రులనూ చేర్చుకోవచ్చు. కానీ అది ఉద్యోగంతోనే పోతుంది. 48వ ఏట ఉద్యోగం పోయి, అప్పటికే షుగర్, బీపీ వచ్చి, కొత్తగా పాలసీ కోసం వెళ్తే మూడేళ్ల గడువు అప్పుడు మొదలవుతుంది, ప్రీమియం ఎక్కువ, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. ఉద్యోగం మానేసేటప్పుడు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారమని అడగండి, గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అంతకన్నా మంచిది, ముప్పై ఏళ్ల వయసులోనే కంపెనీ కార్డుతో పాటు ఒక చిన్న సొంత పాలసీ ఉంచుకోవడం.

"క్లెయిములు ఇవ్వరు" అన్న మాట దగ్గరకు వద్దాం. పూర్తిగా అబద్ధం కాదు. తిరస్కరించే కేసులు ఉన్నాయి, అన్యాయంగా తిరస్కరించేవీ ఉన్నాయి. కానీ నా బల్ల మీద నుంచి చూస్తే ఎక్కువ గొడవలు రెండు చోట్ల పుడతాయి. ఆ రెండూ పాలసీ కొనే రోజు సరిచేసుకోగలిగినవే.

మొదటిది, మీ ఏజెంటు చెప్పిన సలహా. షుగర్ రాయొద్దు అనేది నేను విన్న సలహాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అది ఎలా బయటపడుతుందో చెబుతాను. మీ నాన్నగారిని ఎమర్జెన్సీకి తీసుకొస్తారు. డ్యూటీ డాక్టరు మొదట అడిగేది "పాత జబ్బులేమైనా ఉన్నాయా?" అని. మీరు భయంలో ఉంటారు, "పదేళ్లుగా షుగరండీ" అని నిజం చెబుతారు. చెప్పాలి కూడా, దాచితే చికిత్సే తప్పుదారి పడుతుంది. ఆయన కేస్ షీటులో "కె/సి/ఓ డీఎం, పది సంవత్సరాలు" అని రాస్తాడు, అంటే పదేళ్లుగా షుగర్ ఉన్న రోగి అని. ఆ కాగితమే క్యాష్‌లెస్ కోసం, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం కోసం, మేము కంపెనీకి పంపుతాం. కంపెనీవాళ్లు మీ ప్రపోజల్ ఫారం తీసి చూస్తారు. అక్కడ "లేదు" అని ఉంటుంది. ఆ జబ్బుకు డబ్బు రాకపోవడమే కాదు, పాలసీయే రద్దు చేయవచ్చు. కట్టిన ప్రీమియం, గడిచిన సంవత్సరాలు అన్నీ పోతాయి. ఏజెంటు ఆ రోజు ఆసుపత్రికి రాడు. వచ్చినా ఫారం మీద సంతకం మీది.

నిజం రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కాస్త పెంచుతారు, లేదా మూడేళ్ల గడువు పెడతారు, లేదా కొంతమంది ఇవ్వమంటారు. అప్పుడు ఇంకో కంపెనీని అడగవచ్చు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు కొంత అదనపు ప్రీమియంతో నెల తిరగగానే లేదా ఏడాదికే ఆ జబ్బులకు వర్తించే పాలసీలు కూడా ఉన్నాయి. 65 దాటినవాళ్లకు కొత్త పాలసీ దొరకడం ఇదివరకు కష్టంగా ఉండేది, 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు అన్ని వయసులవాళ్లకూ పాలసీలు ఉంచాలి. ఇంకో రక్షణ ఉంది. ఆగకుండా 60 నెలలు పాలసీ నడిస్తే ఆ తర్వాత "మీరు ఫలానాది చెప్పలేదు" అని క్లెయిము తోసిపుచ్చడానికి వీల్లేదు, మోసం అని రుజువు చేస్తే తప్ప. ఇది ఇదివరకు ఎనిమిదేళ్లు ఉండేది. దీన్ని చూపించి "ఐదేళ్లు గడిచిపోతే చాలు" అని ఎవరైనా అంటే వినకండి. కావాలని దాచినదాన్ని మోసం అనే అంటారు. ఈ నిబంధన పొరపాటున చెప్పడం మరిచిపోయినవాళ్లను కాపాడటానికి పెట్టింది.

ఫారం మీరే నింపండి. ఇంగ్లీషు కష్టమైతే పిల్లల చేత చదివించుకుని, ప్రతి ప్రశ్నకు మీ నోటితో జవాబు చెప్పి రాయించండి. పాత ఆపరేషన్, థైరాయిడ్ మాత్ర, చిన్నప్పుడు వచ్చిన ఫిట్స్, ఏదీ వదలొద్దు. పాలసీ కాగితాలు వచ్చాక అందులో మీరు చెప్పిన జబ్బులు ఎక్కాయో లేదో చూడండి. కాగితాలు అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే హక్కు మీకు ఉంది. క్లెయిము ఏదీ చేయకపోయి ఉంటే స్వల్ప కోతలతో డబ్బు తిరిగి ఇస్తారు.

రెండో గొడవ రూము అద్దె. దీనివల్ల మోసపోయామని ఏడ్చినవాళ్లు ఎంతమందో. చవక పాలసీల్లో రోజుకు రూము అద్దె బీమా మొత్తంలో ఒక శాతం అని ఉంటుంది. 3 లక్షల పాలసీ అంటే రోజుకు 3 వేలు. మీరు 6 వేల రూములో చేరారనుకోండి, ఐదు రోజులు. అద్దెలో 15 వేలు మన చేతి నుంచి పోతాయి, అంతేగా అనుకుంటారు. అంతే కాదు. అర్హతకు రెట్టింపు రూము తీసుకున్నారు కాబట్టి డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటి ఖర్చులు కూడా సగానికి కోస్తారు, ఎందుకంటే చాలా ఆసుపత్రుల్లో ఆ రేట్లు రూమును బట్టే పెరుగుతాయి. లెక్క వేసి చూపిస్తాను. బిల్లు 2,50,000. అందులో రూము 30 వేలు, డాక్టరు, థియేటరు ఖర్చులు 1,20,000, మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు లక్ష. కంపెనీ ఇచ్చేది రూముకు 15 వేలు, డాక్టరు ఖర్చులకు 60 వేలు, మందులు, పరీక్షలకు పూర్తిగా లక్ష. వాటిలో కోత పెట్టకూడదని నిబంధన ఉంది. మొత్తం 1,75,000. మీ జేబు నుంచి 75 వేలు. డిశ్చార్జి రోజు ఈ సంఖ్య చెబితే జనం బీమా కంపెనీని తిడతారు, నన్నూ తిడతారు. రూము పరిమితి లేని పాలసీయో, "సింగిల్ ప్రైవేటు ఏసీ రూము" అని ఉన్న పాలసీయో తీసుకుంటే ఈ గొడవే లేదు. ఇప్పటికే పరిమితి ఉన్న పాలసీ ఉంటే, చేరేటప్పుడే డెస్క్ దగ్గర "నా పాలసీకి ఎంత రూము వస్తుంది" అని అడిగి ఆ రూములోనే ఉండండి.

పాలసీ కాగితంలో కో-పే అనే మాట కూడా వెతకండి. 20 శాతం కో-పే అంటే ప్రతి బిల్లులో ఐదో వంతు మీదే. పెద్దవాళ్ల పాలసీల్లో ఇది మామూలు, దానివల్లే ప్రీమియం తగ్గుతుంది. తెలిసి ఒప్పుకుంటే తప్పు లేదు. గ్లౌజులు, మాస్కులు, డైపర్ల లాంటి వాటికి మామూలు పాలసీలో డబ్బు రాదు, ఆపరేషన్ పెద్దదైతే ఇవే వేలల్లో అవుతాయి. అదనంగా కొంత కడితే వాటినీ చేర్చుకోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ కాదంటే ఊరుకోకండి. 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు జవాబివ్వాలి, డిశ్చార్జి బిల్లు పంపిన మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. మన రెండు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. మా రోగుల్లో ఒక రిటైర్డ్ టీచరు సొంతంగా తెలుగులో అర్జీ రాసుకుని వెళ్లి తన క్లెయిము సాధించుకున్నారు. ఎక్కువమంది మొదటి "కుదరదు" దగ్గరే ఆగిపోతారు, నాకు బాధ కలిగించేది అదే.

ఇక మీ ఇంటి లెక్క. నేనైతే ఇలా చేస్తాను.

మీ నలుగురికి కలిపి ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఒకే బీమా మొత్తాన్ని ఇంట్లో అందరూ పంచుకునే పాలసీ), రూము పరిమితి లేనిది, 10 లక్షలకు తక్కువ కాకుండా. అంత కుదరకపోతే 5 లక్షల పాలసీ మీద, 5 లక్షలు దాటాక మొదలయ్యే సూపర్ టాపప్ ఒకటి. ఇలా రెండు కలిపితే ఒకే పెద్ద పాలసీ కన్నా తరచూ చవకగా పడుతుంది. అమ్మానాన్నలను ఇందులో కలపకండి. ఫ్లోటర్‌లో అందరికన్నా పెద్ద వయసును బట్టి ప్రీమియం లెక్కగడతారు, నాన్నగారి ఒక్కరి క్లెయిముతో మీ పిల్లల రక్షణ కూడా ఆ ఏడాదికి తగ్గిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. మీకు చెప్పిన 22 వేలలో ఇంకా జీఎస్టీ కలిపి చెబుతుంటే అడగండి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే ఆరోగ్య బీమా కింద మీ కుటుంబానికి 25 వేలు, అరవై దాటిన తల్లిదండ్రుల ప్రీమియానికి 50 వేల వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు. దానికోసమని విధానం మార్చుకోవాల్సిన పని లేదు.

అమ్మానాన్నల 50 వేలు బరువే, కాదనను. వాళ్ల ఆరోగ్యశ్రీ అర్హత నిలిచి ఉందని సచివాలయంలో తేలితే పెద్ద జబ్బులకు దాన్నే ప్రధాన ఆధారం చేసుకోండి. దానిపైన కో-పే ఉన్న చిన్న పాలసీ, 3 నుంచి 5 లక్షలది, మీకు వీలైతే తీసుకోండి. కంపెనీలు ఒకే నమూనాలో అమ్మే ఆరోగ్య సంజీవని అలాంటిదే, 5 శాతం కో-పే మాత్రమే. మీ నాన్నగారి వయసుకు ఇస్తారో లేదో ముందు అడగండి. రూము అద్దెకు మాత్రం పరిమితి ఉంది, 2 శాతం లేదా రోజుకు 5 వేలు, ఏది తక్కువైతే అది. మీ నాన్నగారికి 70 నిండగానే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. 2024 అక్టోబరులో మొదలైంది, ఏడాదికి 5 లక్షలు, పాత జబ్బులకు గడువు లేదు. అంటే మీరు దాటాల్సింది మూడేళ్లు. వాళ్ల పాలసీ ప్రీమియం ఏటా ఎంత పెరుగుతుందో అనే భయం ఉంటే, 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు.

ఒకసారి మొదలుపెట్టాక గడువు తేదీ దాటనివ్వకండి. ఏడాది ప్రీమియానికి 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, ఆ లోపు కడితే గడిచిన కాలం పోదు, కానీ ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే డబ్బు రాదు. కంపెనీ నచ్చకపోతే మానేయక్కర్లేదు. గడువుకు కనీసం 45 రోజుల ముందు ఇంకో కంపెనీకి పోర్టు చేసుకోమని అడగండి, పూర్తిచేసిన కాలం మీతోనే వస్తుంది.

ఈ వారంలో చేయాల్సిన పనులు రెండే. సచివాలయంలో కార్డు చూపించుకోవడం, నాన్నగారి షుగర్ చీటీలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) రిపోర్టులు తీసి ఒక ఫైల్లో పెట్టడం. ఆ ఫైలుతో, నిజం రాసిన ఫారంతో రెండు మూడు కంపెనీలను అడగండి. వాళ్లు ఇచ్చే షరతుల కాగితం ఇక్కడ పెట్టండి, పేర్లు, నంబర్లు కొట్టేసి. రూము, కో-పే, గడువులు చూసి ఏది మేలో చెబుతాను.